పులిమడుగులో చిన్నమ్మ

చిన్నమ్మను వాగు ఒడ్డున, మా చేను మూలన, చిన్నాయిన పక్కనే పూడ్చిపెట్టారు. నేను నల్లగొండ నుంచి బస్సులు మారి చేరేసరికి అంతా అయిపోయింది. మట్టి ఇంకా పచ్చిగా ఉంది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి బోరు దగ్గరికి నడిచారు. పక్కనే వాగు ఉన్నా ఎవరూ అటు తల కూడా తిప్పలేదు. తిప్పి చూడడానికి అక్కడ ఏమీ లేదు. ఇసుకంతా లారీలెక్కి పట్నం పోయింది. అడుగున మిగిలిన సుద్దమట్టిలో సర్కారు తుమ్మ మొలిచి, మనిషి దూరలేనంత చిక్కగా పెరిగింది. ఆ ముళ్లలోంచి దారి చేసుకుంటూ పులిమడుగు దాకా వెళ్లాను. మడుగు లేదు. రెండు వైపులా నిలబడ్డ నల్ల బండలు మాత్రం ఉన్నాయి. వాటి మధ్య గుంటలో మోకాలి లోతు పచ్చనీళ్లు, పాలిథిన్ సంచులు. ఆ గుంట మీదికి వంగిన బండ అంచున చాలాసేపు కూర్చున్నాను. చిన్నప్పుడు నేను కూర్చున్న బండ అదే.

పటంలో ఆ నదిని దిండి అంటారు. పురాణం చదివే అయ్యగారు దుందుభి అనేవాడు. మాకు అది వాగు, అంతే. అచ్చంపేట అడవికీ మా జొన్న చేలకూ మధ్య అది వంకరలు తిరుగుతూ పోయేది. ఎండాకాలం అంతా ఇసుక. తెల్లవారకముందే ఆడవాళ్లు ఇసుకలో చెలిమెలు తీసి, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో తోడి కుండలు నింపేవారు. ఆ నీళ్లకు చల్లటి రాతి వాసన ఉండేది. వానాకాలం వస్తే అదే వాగు వేరే జాతి జంతువు. మా మీద చినుకు పడకపోయినా పైన ఎక్కడో కురిసి, వంద బండ్లు ఒక్కసారి రాళ్ల దారిన పడ్డట్టు చప్పుడు చేస్తూ వచ్చేది. ఒక ఏడు గడ్డివామి వామిగానే కొట్టుకొచ్చింది, దాని మీద రెండు కోళ్లు. దాని వెనుక గుంజతో సహా బర్రె. ఇంకోసారి ఒక మనిషి తాటి మొద్దు పట్టుకుని వచ్చాడు. ఒడ్డున ఉన్నవాళ్లు తాళ్లు విసిరారు. అందలేదు. ఆయన అరవలేదు. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ మా ముందు నుంచే వెళ్లిపోయాడు. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. "ఎండకాలం తల్లి, వానకాలం మారుతల్లి," అనేది మా అవ్వ వాగును. ఆ మాటలో దూషణ లేదు. ఆమె లోకంలో అన్నిటికీ ఆ రెండు ముఖాలే ఉండేవి.

ఆ రోజుల్లో చెయ్యి మాటకంటే ముందు లేచేది. బాపు ఎద్దును కొట్టేవాడు. బడిలో సారు మమ్మల్ని కొట్టేవాడు, మేం ఇంటికి వచ్చి చెబితే ఇంట్లో మళ్లీ కొట్టేవారు. దొర గడీ మనుషులు కూలీలను కొట్టేవారు. కూలీలు రాత్రి కల్లు తాగి వచ్చి పెండ్లాలను కొట్టేవారు. మా తాత అవ్వను కొట్టేవాడట. ఆమె ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచడానికి వచ్చేది కాదు. ఆ వంకర చేత్తోనే పొద్దున ఇసుర్రాయి తిప్పేది, మజ్జిగ చిలికేది, మా తలలకు ఆముదం పెట్టేది. దాలిలో పిడకల మీద ఎర్రగా కాగుతున్న పాల వాసన, అవ్వ కొంగున పొగాకు వాసన, పశువుల కొట్టం వాసన కలిసి మా ఇల్లు. ఆ ఇంట్లో తెల్లవారుజామున నాకు మెలకువ తెచ్చేవి రెండు చప్పుళ్లు. ఒకటి ఇసుర్రాయిది. రెండోది, కొన్ని పొద్దులు, చిన్నమ్మ వీపు మీద పడే చెర్నకోలది.

చిన్నమ్మ పేరు బుచ్చమ్మ. వాగు అవతల, అమ్రాబాదు గుట్టల కింది ఊరు ఆమెది. మా బాపు తమ్ముడు కిష్టయ్య పెండ్లాం. మనిషి పొడుగు. నవ్వితే గొంతెత్తి నవ్వేది. అత్తగారింట్లో ఆడది అట్లా నవ్వడం మా ఇంట్లో ఎవరూ వినలేదు. చిన్నాయిన మొదటిసారి కొట్టింది ఆ నవ్వుకే అని మా అమ్మ చెప్పింది. ఆ తర్వాత కారణాలు అక్కర్లేకపోయాయి. రొట్టె మాడిందని, మాడలేదని. జవాబు చెప్పిందని, చెప్పలేదని. ఆమె అరిచేది కాదు. అరవకపోవడం ఆయనకు ఇంకా కోపం తెప్పించేది. ఒకసారి పాలకుండ ఎత్తి ఆమె తల మీద పగలగొట్టాడు. పాలు, నెత్తురు కలిసి ఆమె మెడ మీద గులాబీ రంగులో కారడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. అప్పుడు బాపు మొదటిసారి లేచి ముల్లుగర్ర పట్టుకుని తమ్ముడి మీదికి వెళ్లాడు. ఇద్దరూ వాకిట్లో దొర్లుతూ కొట్టుకున్నారు. బాపు కింది పెదవి చీలింది, చిన్నాయిన చెవి సగం తెగింది. అవ్వ ఇద్దరి మధ్యా కుండెడు నీళ్లు కుమ్మరించి, కోడలి వైపు తిరిగింది.

"నీ మూలంగ అన్నదమ్ములు నెత్తురు కండ్ల జూసిండ్రు. జర తలకాయ దించుకోని ఉంటే ఏం పోతది నీకు?"

చిన్నమ్మ తల కడుక్కుని, జొన్నపిండి కలపడానికి కూర్చుంది.

చిన్నాయిన వానాకాలం సేద్యం అయిపోగానే మా ప్రాంతం మనుషులందరిలాగే ముఠాతో కూలికి పోయేవాడు. రోడ్ల పనికి గుట్టలు పేల్చే ముఠా అది. బండకు బెజ్జం కొట్టి, అందులో తోటా దింపి, వత్తి ముట్టించి పరుగెత్తాలి. ఆ పని ఆయనకు నచ్చింది. ఒక ఎండాకాలం ఇంటికి వస్తూ గుడ్డలో చుట్టి కొన్ని తోటాలు తెచ్చాడు. అవి చూడడానికి గోధుమరంగు కాగితం చుట్టిన కొవ్వొత్తుల్లా ఉండేవి. ఎట్లా తెచ్చావని బాపు అడిగితే, "గుట్టలను లేపేటోన్ని, గింత తెచ్చుకోలేనా?" అన్నాడు. వాటిని జొన్నల గుమ్మిలో దాచాడు. మేము ఆ గుమ్మిలోంచే జొన్నలు తీసుకుని తిన్నాం.

పులిమడుగు ఎండాకాలంలోనూ ఎండేది కాదు. రెండు నల్ల బండల మధ్య ఇరుకు లోయ. కొరమట్టలు, వాలుగలు, జెల్లలు, చేపలన్నీ ఆ కాలంలో అక్కడికే చేరేవి. వలలు వేసే ఇండ్లు ఆవలి ఒడ్డున ఉండేవి. వాళ్లలో పెద్ద పోశయ్య. పెద్ద చేపలను పట్టి పిల్లచేపలను మళ్లీ నీళ్లలో వదిలేవాడు. చిన్నాయిన మొదటి తోటా వేసిన రోజు మడుగు పొట్ట ఉబ్బినట్టు లేచి పడింది. ఆ వెంటనే నీళ్లన్నీ తెల్లబడ్డాయి. తెల్లటివి చేపల పొట్టలు. వేలెడంత పిల్లల నుంచి మూరెడు వాలుగల దాకా అన్నీ వెల్లకిలా తేలాయి. కొన్నింటి కళ్లు బయటికి వచ్చాయి. ఊరంతా గంపలతో పరుగెత్తింది. ఆ రాత్రి ప్రతి ఇంట్లో చేపల పులుసు. నేను కూడా తిన్నాను. రుచిగానే ఉంది.

పోశయ్య మరునాడు మా వాకిటికి వచ్చాడు. "కిష్టయ్యా, గీ మందు కొడితే పిల్లచేప గూడ సస్తది. గుడ్డు గూడ మిగలది. వచ్చే ఏడు మేమేం తినాలె?"

"మడుగు నీ అయ్యదా?" అన్నాడు చిన్నాయిన. పోశయ్య ఏదో చెప్పబోయాడు. చిన్నాయిన చేతిలో ఉన్న పొన్నుకర్ర ఆయన నోటి మీద పడింది. ఆ ముసలాయన రెండు పళ్లు మా వాకిట్లో రాలాయి. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు. చిన్నమ్మ చీపురుతో ఆ జాగా ఊడ్చింది.

ఆ రోజు గురించి రాయడానికే ఇదంతా రాస్తున్నాను. పొద్దున చిన్నమ్మ చెలిమె నుంచి ఆలస్యంగా వచ్చిందని చిన్నాయిన చెర్నకోల తీశాడు. ఎంతసేపు కొట్టాడో, ఆయన చెయ్యి నొచ్చి ఆగాడు. ఆ తర్వాత చద్ది తిని, గుమ్మిలోంచి రెండు తోటాలు తీసి, "నడువ్. చేపలేరాలె," అన్నాడు. చేపలు మోయడానికి గంపతో నేనూ వెళ్లాను. ఎండ మండిపోతోంది. మడుగు మీదికి వంగిన బండ అంచున చిన్నాయిన, ఆయన వెనుక రెండడుగుల దూరంలో నేను. నా వెనుక నిట్టనిలువు రాయి. ఎదురు ఒడ్డున పోశయ్య వాళ్ల పిల్లలు ఐదారుగురు, కొట్టుకొచ్చే చేపల కోసం కాచుకుని నిలబడ్డారు.

మొదటి తోటా పేలింది. చేపలు తేలాయి. చిన్నమ్మ చీర గోచి దోపుకుని నడుముల లోతు నీళ్లలోకి దిగింది. దెబ్బల మీద నీళ్లు తగిలి ఆమె భుజాలు ఒకసారి వణకడం చూశాను. చేపలు ఏరి గట్టు మీదికి విసురుతోంది. నేను గంపలో వేస్తున్నాను. అంతలో చిన్నాయినకు అవతలి బండ నీడలో పెద్ద వాలుగ మసలడం కనిపించింది. రెండో తోటా తీశాడు. వత్తి నీళ్లలో ఆరిపోకూడదని పొట్టిగా కోసేవాడు. నోట్లోని బీడీ తీసి వత్తి ముట్టించాడు. ముట్టించాక అరిచాడు.

"ఏమే! బయటికి రా! ముట్టిచ్చిన!"

చిన్నమ్మ తల తిప్పి చూసింది. ఆమె చేతిలో చేప ఉంది. దాన్ని నెమ్మదిగా నీళ్లలో వదిలేసింది. కదల్లేదు.

"నీళ్లలకెళ్లి జల్ది బయటికి రా అంటున్న! చెవులు లెవ్వా?"

ఆమె అట్లాగే నిలబడి ఆయననే చూస్తోంది. భయపడ్డ ముఖం కాదు. కోపమూ కాదు. బజారులో ఒక వస్తువును తీసుకోవాలా వద్దా అని చూసే ముఖం అది. వత్తి చుర్రుమంటోంది. చిన్నాయిన చెయ్యెత్తాడు. ఆమె ఉన్నచోటు నుంచి ఒక్కడుగు ముందుకు, ఆయన వైపుకే వేసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. ఆవలి ఒడ్డు వైపు తిరిగాడు. అక్కడ పిల్లలు. వెనక్కి తిరిగాడు. అక్కడ నేను. ఆయన కళ్లు నా కళ్లలో పడ్డాయి. మా చిన్నాయిన ముఖంలో భయం చూడడం నాకు అదే మొదలు.

"బుచ్చమ్మా!" అని అరిచాడు. ఆ ఇంట్లో ఆయన నోట ఆమె పేరు అంతకుముందు నేను వినలేదు.

తర్వాత ఆయన చేసింది నేను నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. మాకందరికీ వీపు పెట్టి, పక్కనున్న రాతి మూల వైపు వంగి, రెండు చేతులా ఆ తోటాను పొట్టకు దగ్గరగా పట్టుకుని వత్తి పీకడానికి చూశాడు. ఆఖరి క్షణంలో చేతులు దూరంగా చాచాడు.

చప్పుడు నాకు వినిపించలేదు. తెల్లటి వెలుగు, ముఖం మీద రాతిముక్కలు. ఆ తర్వాత చాలా రోజులు చెవుల్లో సన్నటి ఈల. నా ఎడమ చెవి ఇప్పటికీ మందమే. పొగ విరిగేసరికి చిన్నాయిన మోకాళ్ల మీద కూర్చుని తన చేతులు వెతుక్కుంటున్నాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర్నుంచి లేదు. ఎడమ చేతికి అరచేయి సగం మిగిలి, వేళ్లు లేవు. ఆయన ముందున్న రాయి మీద ఏముందో రాయను. చిన్నమ్మ నీళ్లలోంచి ఎప్పుడు వచ్చిందో తెలియదు. తడి చీర చింపి ఆ రెండు మొండి చేతులకు చుడుతోంది. నెత్తురు ఆగడం లేదు. ఆవలి నుంచి పోశయ్య ఈదుకుంటూ వచ్చాడు. భుజం మీది వల తాడు తీసి, మోచేతుల పైన బిగించి కట్టాడు. కడుతూ ఒకే మాట అన్నాడు, ఆ రెండు పళ్లు లేని నోటితో. "సచ్చినోడా. దాన్ని ఎవ్వడన్న పట్టుకుంటడా?"

బండిలో అచ్చంపేట దాకా, అక్కడి నుంచి లారీలో పాలమూరు పెద్ద దవాఖానకు. అమ్మ ఎంత లాగినా నేను బండి దిగలేదు, అచ్చంపేట దాకా వెళ్లాను. చిన్నాయిన తల చిన్నమ్మ ఒడిలో ఉంది. దారిలో ఒకసారి కళ్లు తెరిచాడు.

"బయటికొచ్చినవా?" అన్నాడు.

"వచ్చిన," అంది చిన్నమ్మ.

ఆయన బతికాడు. బతికి ఇంటికి వచ్చినవాడు మంచివాడై వచ్చాడని రాస్తే చదివేవారికి బాగుంటుంది కానీ, అట్లా జరగలేదు. అన్నం తినిపించాలి. బీడీ వెలిగించి నోట్లో పెట్టాలి. పంచె విప్పాలి, కట్టాలి, కడగాలి. ప్రతి పనికీ ఆమె చేతులు కావాలి. ఆ కోపాన్నంతా ఆయన కాళ్లలోకి తెచ్చుకున్నాడు. చిన్నమ్మ అన్నలు అమ్రాబాదు నుంచి బండి కట్టుకుని వచ్చి, "ఇంక నిన్ను కొట్టేటందుకు గూడ చేతులు లెవ్వు ఆయనకు. ఏం జూసి ఉంటవ్? నడువు పోదాం," అన్నారు. ఊళ్లో అందరూ ఆమె పోతుందనే అనుకున్నారు. ఆమె అన్నలకు రొట్టెలు చేసి పెట్టి పంపించింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఆమె జొన్న గట్క వేడివేడిగా కలిపి తినిపిస్తుంటే, ఉప్పు లేదని ఆయన తళెను కాలితో తన్నాడు. కాలే గట్క ఆమె ముఖం మీద, మెడ మీద పడింది. ఆమె కొంగుతో తుడుచుకుంది. లేచి నిలబడింది. ఒంగి ఆయన చెంప మీద ఒకటి కొట్టింది. పెద్ద దెబ్బ. దాలి దగ్గర మజ్జిగ చిలుకుతున్న అవ్వ చేతిలో తాడు ఆగింది. అమ్మ గడపలో కొయ్యబారిపోయింది. ఇప్పుడు అవ్వ లేచి కోడలిని ఏం చేస్తుందో అనుకున్నాను. అవ్వ లేవలేదు. వంకర మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని, కొడుకును చూస్తూ నిదానంగా అంది.

"ఇంకొకటి ఎయ్యి. అది నా పేరు మీద ఎయ్యి."

చిన్నమ్మ వేయలేదు. చిందిన గట్క ఎత్తి, పొయ్యి దగ్గరికి పోయి ఇంకో తళె కలుపుకొచ్చింది. చిన్నాయిన నోరు తెరిచాడు. తిన్నాడు. తింటూ ఏడ్చాడు. తుడుచుకోవడానికి చేతులు లేవు. ఆమె తుడవలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె మీదికి కాలు లేవలేదు. మాట మాత్రం లేచేది, చివరిదాకా. ఆయన చేలో పిట్టలు తోలుతూ, ముంజేతుల మధ్య కర్ర ఇరికించుకుని మేకలు కాస్తూ చాలా ఏళ్లు బతికాడు. వాళ్లకు ఒక బిడ్డ పుట్టింది. తండ్రి ఆ పిల్లను మొండి చేతుల మీద ఎత్తుకునేవాడు. పిల్ల వాటిని పట్టుకుని ఆడేది.

నేను చదువుకున్నాను, నల్లగొండలో టీచరునయ్యాను, నా పెళ్లి వేరే లోకంలో జరిగింది. మా ఆయన తాలూకా ఆఫీసులో పనిచేసేవాడు. ఈ కాలంలో ఆడపిల్ల మీద చెయ్యెత్తితే కేసు అవుతుంది, కావాలి. నా మనవరాలిని ఎవడైనా ఒక్క దెబ్బ వేస్తే నేనే పోలీసు స్టేషన్‌కు తీసుకుపోతాను. ఆ రోజులు మంచివి, మనుషులు మంచివాళ్లు అని నా ఈడువాళ్లు అంటుంటే నాకు చిన్నమ్మ మెడ మీద పాలు, నెత్తురు కనబడతాయి. అయినా ఒక్క విషయం మాత్రం నాకు తేలలేదు. అది ఆమెనే అడిగాను. చిన్నాయిన పోయిన తర్వాత, కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఆమె నల్లగొండ వచ్చి మా ఇంట్లో కొన్నాళ్లుంది. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కన్నుకు నల్లద్దాలు.

"చిన్నమ్మా, ఆ పొద్దు మడుగులకెళ్లి ఎందుకు బయటికి రాలే?"

ఆమె తల నా వైపు తిప్పింది. నేను మరచిపోయాననుకుందో ఏమో.

"యాష్టకొచ్చింది బిడ్డా. రోజు దెబ్బలేనాయె. ఇయ్యాల తేలిపోవాలె అనుకున్న. ఇసుర్తడా, ఇసురుమను. సస్తే సస్త. ఇసరకపాయె." గింజ ఒకటి తీసి పక్కన పెట్టింది. "ఇసిరితే పీడ పోతుండె. ఇసరలేదాయె, అందుకే ఉన్న."

"అంటే మంచోడనా?"

"మంచోడెక్కడి మంచోడు! గట్లంటే నా వీపు నవ్వుతది. కని గంత మనిషుండె ఆయనల. గంత. ఆ గంతతోని ఎల్లదీసిన."

"గంతతోని ఎందుకు ఎల్లదీయాలె? ఇడిసిపెట్టి పోవద్దా?" అన్నాను. నా గొంతు లేచింది. ఆమె కోసం నాకు కోపం వచ్చింది, ఆమె మీద కూడా వచ్చింది.

"పోదునేమో. నీ కాలమైతే పోదును." ఆమె నల్లద్దాలు పైకి తోసి, ఆపరేషన్ కాని కంటితో ఇంట్లోకి చూసింది. లోపల మా ఆయన కుర్చీలో కూర్చుని టీవీలో వార్తలు చూస్తున్నాడు. నలభై ఏళ్లలో ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు. గొంతు కూడా ఎత్తలేదు. "మా అల్లుడు నెమ్మదస్తుడు," అంది చిన్నమ్మ. ఆ మాటలో ఎగతాళి లేదు. తర్వాత, వంటలోకి ఉప్పు ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"నువ్వు నీళ్లల నిలవడితే, గాయిన పట్టుకుంటడా బిడ్డా, ఇసుర్తడా?"

నేను తలుపులోంచి మా ఆయన వైపు చూశాను. మా మాటలు అడ్డొస్తున్నాయేమో, ఆయన ఇటు తిరగకుండానే టీవీ సౌండు కొంచెం పెంచాడు.